జీడిమచ్చ

ఆదివారం పొద్దున్నే మాబుబీ
బురుజు నీడలో టార్పాలిన్ పరుస్తుంది.
నీడ జరిగేకొద్దీ గుట్టనూ జరుపుతుంది.
ఏదెత్తుకున్నా అరవై.
జీన్సు ప్యాంట్లకు మాత్రం
మన మొగం చూసి చెప్తుంది ధర.

మోచేతుల దాకా చేతులు పెట్టి కలియబెడతా.
కళ్ళకన్నా ముందు వేళ్ళకి తెలుస్తుంది
ఏది నూలో, ఏది నూలని నమ్మించేదో.
అడుగున ఒక ఉన్ని కోటు,
ఏ మంచు దేశం నుంచి వచ్చిందో
కర్నూలు ఎండకు గుడ్లు తేలేసి పడుంది.
మూడు వారాలు చూసి, ఎవరూ కొనక,
దాన్ని మడిచి మాబుబీ పీట చేసుకుంది.

మా లహరికి నేర్పిస్తా ఉంటా.
మెడ కాడ కాదు పాపా, సంకల కాడ చూడు.
జిప్పు మూడుసార్లు లాగు,
ఒక్కసారైతే ఎవరి మాటైనా వింటుంది.
వాసన చూడు, సిగ్గేమీ లేదు,
కలరా ఉండల వాసనొస్తే బీరువాలో బతికిన గుడ్డ,
అత్తరు మరీ ఎక్కువైతే ఏదో దాస్తా ఉందని.
ఎండకెత్తి పట్టుకో,
సూర్యుడు కనపడితే వదిలేయ్.

ఇదంతా ఊరికే రాలేదు నాకు.
ఒకసారి పచ్చ చుడీదారు కొన్నా, నెమలి మెడ రంగు,
మురిసిపోయి ఆ పూటే బకెట్లో నానేసినా.
మా ఆయన హోటల్లో సర్వరు.
వారం రోజులు చిలకపచ్చ చొక్కాతో
ఇడ్లీలు అందించినాడు పాపం,
ఓనరు ఏమన్నాడో ఇప్పటికీ చెప్పడు.
ఇంకోసారి జేబు లోపల కుట్టు లేదు,
బస్సు చార్జీ కాలెంబడి జారిపోయి
కొత్త బస్టాండు నుంచి ఇంటిదాకా నడక.

దొరికేవీ ఉంటాయి జేబుల్లో.
ఆదోని టికెట్టు, వక్కముక్క,
కాగితంలో మడిచిన కుంకుమ,
సగం విరిచిన తలనొప్పి మాత్ర.
ఎవరి తలకాయో, తగ్గిందో లేదో.

ఈ వారం తెల్లంగి దొరికింది.
మగవాళ్ళది. లహరికి వదులే కావాలంట ఇప్పుడు,
ఇద్దరు పట్టేంత అంగిలో ఒక్కతే తిరగాలంట.
కాలరు తిప్పినా.
మూడు చుక్కలు, కింద అడ్డగీత.

మా జేజి ఉరుకుందమ్మకు అక్షరం రాదు.
నల్లజీడి గింజను సూదితో పొడిచి
పేటలో ఇంటింటి పేరూ చుక్కల్లో రాసింది.
రెండు చుక్కలు తాలూకాఫీసు గుమాస్తా,
కొడవలి వంకర వడ్డీల పుల్లయ్య,
మూడు చుక్కలూ గీతా నూనెమిల్లు వాళ్ళు.
హంద్రీలో ఎన్ని ఉతుకులు ఉతికినా
గుడ్డ పోతుంది గానీ జీడిమచ్చ పోదు.

ఆ ఇంటి పాప గౌను, ఇస్త్రీకి ముందు,
బడి వార్షికోత్సవానికి ఒక్క సాయంత్రం తొడుక్కున్నా.
గులాబీ రంగు, నడుముకు రిబ్బను.
"అది నాది" అనింది ఆ పిల్ల, మైకు పక్కనే నిలబడి.
ఆ రాత్రి జేజి నన్ను తిట్టలేదు.
గౌను మళ్ళీ ఉతికింది.
ఆరినాక ఇంకోసారి ఉతికింది.

కథల్లోనైతే ఆ గౌనే దొరికేది నాకు.
ఇది వాళ్ళ నాయనదో, చిన్నాయనదో,
ఎవరిదో ఒక అంగి.

"మరకుంది కదమ్మా, యాభై ఇయ్యి" అనింది మాబుబీ.
"మరక కాదు" అన్నా.
అరవై లెక్కపెట్టి చేతిలో పెట్టినా.
అప్పుడు ఆమె నన్ను చూసిన చూపుకు
జీన్సు ప్యాంట్ల ధర పెరిగి ఉంటుంది.

"ఏందిమా, బేరమాడకుండా కొంటివి?" అని దారంతా లహరి.
ఏమని చెప్తా.
కాలరు లేపి చూపిస్తే
"ఎవరన్నా టాటూ వేసినారా దీనికి?" అని నవ్వింది.

ఇంటికొచ్చి జాడించి తీగ మీద వేసినాక చూసినా.
అడుగు గుండీ లేదు.
ఎడమ చెయ్యి కుడిదానికన్నా రెండు వేళ్ళు పొట్టి.
మోచేతి కాడ బీడీ కాలిన చిల్లు,
అందులోంచి నిండుగా
సూర్యుడు.